దయ్యం కోసం శ్మశానం గోడ దూకారు!

చీకటి పడ్డాక శ్మశానం పక్క బాటన నడవాలంటే మన పల్లెల్లో నేటికీ జంకేవారు ఉన్నారు. తప్పనిసరై పోవలసి వస్తే జేబులో ఇనుప ముక్క వేసుకుని, ఆంజనేయ దండకం చదువుకుంటూ, వెనక్కి తిరిగి చూడకుండా గబగబా అడుగులు వేస్తారు. అటువంటిది, దయ్యం ఉందని విని, దానిని కళ్లారా చూడాలన్న కోరికతో జనం గుంపులు గుంపులుగా రాత్రిపూట శ్మశానం గోడలు దూకి లోపలికి పోయారంటే నమ్మగలమా? అదీ ఏ మారుమూల పల్లెలోనో కాదు, సాక్షాత్తూ లండన్ మహానగరంలో. 1970 మార్చి 13వ తేదీ శుక్రవారం రాత్రి ఈ విచిత్రం జరిగింది.

ఆ శ్మశానం పేరు హైగేట్. లండన్‌కు ఉత్తరాన గుట్ట మీద ఉన్న హైగేట్ అనే పేటలో, స్వేన్స్ లేన్ అనే ఏటవాలు రోడ్డుకు అటూ ఇటూ సుమారు 37 ఎకరాల్లో ఇది విస్తరించి ఉంది. ఈ పేరు వినని వారు కూడా ఇక్కడి ఒక సమాధిని బొమ్మలో చూసే ఉంటారు. ఎర్రజెండా ఎగిరే ఊళ్లలో పార్టీ ఆఫీసు గోడల మీద గుబురు గడ్డంతో కనిపించే కార్ల్ మార్క్స్ నిద్రిస్తున్నది ఇక్కడే. ప్రపంచ కార్మికులందరినీ ఏకం కమ్మన్న పెద్దమనిషి పక్కనే దయ్యాల కథలు ఎలా పుట్టాయన్నది ఆసక్తికరమైన సంగతి.

పాతిపెట్టేందుకు చోటు లేక

అసలు ఈ శ్మశానం పుట్టుకే ఒక అవస్థలోంచి వచ్చింది. పూర్వం లండన్‌లో ఎవరు చనిపోయినా తమ చర్చి ఆవరణలోనే పాతిపెట్టేవారు. 1801లో దాదాపు పది లక్షలున్న నగర జనాభా, 1851 నాటికి రెండింతలు దాటిపోయింది. మనుషులు పెరిగారు గానీ చర్చి ఆవరణలు పెరగలేదు. పాత శవం మట్టిలో కలవక ముందే దాని మీద కొత్త శవాన్ని పాతేవారు. తవ్విన చోటల్లా ఎముకలు బయటపడేవి. దుర్గంధానికి చుట్టుపక్కల ఇళ్ల వారు కిటికీలు తెరిచేవారు కాదు. 1831-32లో కలరా వచ్చి జనం పిట్టల్లా రాలిపోయారు. ఆ దుర్గంధమే రోగానికి మూలమని అప్పటి వైద్యులు నమ్మారు. (కలరా నీటి ద్వారా వస్తుందన్న సంగతి తరువాత గానీ తేలలేదు.)

దీనికి తోడు శవాల దొంగల బెడద. వైద్య విద్యార్థులు కోసి నేర్చుకునేందుకు శవాలు కావలసి వచ్చేవి. చట్టప్రకారం దొరికేవి తక్కువ. దానితో కొందరు రాత్రివేళ కొత్త సమాధులు తవ్వి శవాలను ఎత్తుకుపోయి అమ్ముకునేవారు. అయినవారిని మట్టి చేసిన కుటుంబాలు కొన్నాళ్లపాటు సమాధి దగ్గర కాపలా ఉండేవి. 1832లో ప్రభుత్వం చట్టం మార్చాక గానీ ఈ వ్యాపారం ఆగలేదు. శ్మశానంలో రాత్రిపూట లాంతరు వెలుగు కనిపిస్తే అది కొరివి దయ్యమో, శవాల దొంగో తెలియని కాలం అది! రెండింటిలో దొంగకే ఎక్కువ భయపడి ఉంటారు.

చివరకు ఊరి వెలుపల తోటల్లాంటి శ్మశానాలు పెట్టుకునేందుకు ప్రైవేటు కంపెనీలకు పార్లమెంటు అనుమతి ఇచ్చింది. అలా పదేళ్లలోపే లండన్ చుట్టూ ఏడు పెద్ద శ్మశానాలు వెలిశాయి. వాటిలో హైగేట్ ఒకటి. విక్టోరియా రాణి 1837లో గద్దెనెక్కితే, 1839 మే 20న హైగేట్ శ్మశానాన్ని లండన్ బిషప్ చేత ప్రతిష్ఠ చేయించారు. కంపెనీ వారు మొదట కొన్నది 17 ఎకరాలు, వెల 3,500 పౌన్లు. ఆరు రోజుల తరువాత, మే 26న, 36 ఏళ్ల అవివాహిత ఎలిజబెత్ జాక్సన్‌ను తొలిసారిగా అక్కడ పాతిపెట్టారు. ఈ శ్మశానానికి రూపకల్పన చేసిన స్టీఫెన్ గీరీ అనే ఆర్కిటెక్టును సైతం కొన్నేళ్లకు ఇక్కడే మట్టి చేశారు.

కంపెనీ కాబట్టి లాభం చూసుకుంది. గుట్ట మీద నుంచి లండన్ నగరమంతా కనబడే చోటు కనుక డబ్బున్నవారు పోటీపడి స్థలాలు కొన్నారు. వారిని ఆకట్టుకునేందుకు కట్టిన కట్టడాలు నేటికీ నిలిచి ఉన్నాయి. ఈజిప్టు దేవాలయం వాకిలి మాదిరి రెండు పక్కలా లావుపాటి స్తంభాలు, లోపలికి పోతే ఇరుపక్కలా ఇనుప తలుపుల గదులు. ఒక్కొక్క గదిలో పన్నెండు శవపేటికలు అరల్లో పెట్టే ఏర్పాటు. ఆ బాట చివర ఎప్పటినుంచో ఉన్న ఒక పెద్ద దేవదారు వృక్షాన్ని కొట్టకుండా, దాని మొదలు చుట్టూ గుండ్రంగా నేలను తవ్వి సమాధి గదులు కట్టారు. దూరం నుంచి చూస్తే మహావృక్షాన్ని కుండీలో పెట్టినట్టు ఉండేది.

మరో విచిత్రం. రోడ్డుకు తూర్పున శ్మశానాన్ని పొడిగించాక, పశ్చిమాన ఉన్న ప్రార్థన మందిరం నుంచి శవాన్ని రోడ్డు దాటించడం చిక్కయింది. అందుకని మందిరం నేలలోనే నీటి ఒత్తిడితో పనిచేసే లిఫ్టు పెట్టారు. ప్రార్థన ముగియగానే శవపేటిక మెల్లగా నేలలోకి దిగిపోయేది. కింద సొరంగంలో మోసుకుపోయి రోడ్డుకు అవతల పైకి తీసేవారు. చూస్తూ చూస్తూ ఉండగానే పెట్టె భూమిలోకి దిగిపోతుంటే చూసినవారికి ఒళ్లు జలదరించక ఏమవుతుంది!

అయినా ఆ కాలపు వారికి అది భయపడే చోటు కాదు. ఆదివారం పూట పిల్లాపాపలతో వచ్చి, పూలమొక్కల మధ్య తిరిగి, సమాధుల మీది రాతలు చదువుకుని పోయేవారు. దయ్యాల మాట వచ్చింది ఎక్కువగా ఆ తరువాతే.

పద్యాల కోసం సమాధి తవ్వారు

హైగేట్ కథల్లో నిజంగా జరిగిందీ, వింటే కథలా ఉండేదీ ఒకటుంది. డాంటే గాబ్రియేల్ రొసెట్టి అని ఒక చిత్రకారుడు, కవి. ఆయన భార్య ఎలిజబెత్ సిడల్. రాగి రంగు జుట్టుతో అందగత్తెగా పేరుపొందిన ఆమె, చిత్రకారులు ఎందరికో నమూనాగా నిలిచింది. తానూ బొమ్మలు గీసేది. పుట్టిన బిడ్డ మరణించే పుట్టడంతో కుంగిపోయింది. నిద్ర కోసం నల్లమందు ద్రావకానికి అలవాటుపడి, 1862 ఫిబ్రవరి 11న మోతాదు మించి ప్రాణం విడిచింది. దుఃఖం పట్టలేని రొసెట్టి, తాను రాసుకున్న పద్యాల పుస్తకాన్ని ఆమె తల పక్కన జుట్టులో ఉంచి పెట్టె మూయించాడు. వేరే ప్రతి కూడా సరిగా లేదు.

ఏడేళ్లు గడిచాయి. దుఃఖం చల్లారింది, పేరు మీద ఆశ పెరిగింది. ఆ పద్యాలు ఉంటే పుస్తకం వేయించవచ్చునన్న ఆలోచన ఆయనకు పట్టుకుంది. ప్రభుత్వ అనుమతి సంపాదించి 1869 అక్టోబరులో ఒక రాత్రి సమాధి తవ్వించాడు. పక్కన మంట వేసుకుని ఆ వెలుగులో పని కానిచ్చారు. రొసెట్టి మాత్రం అక్కడికి రాలేదు. ఒక మిత్రుడి ఇంట్లో కూర్చుని కబురు కోసం ఎదురు చూశాడు. పుస్తకం దొరికింది. తడిసి, పురుగు తొలిచి, అక్షరాలు పోయిన కాగితాలను మందునీళ్లలో శుభ్రం చేసి ఆరబెట్టారు. 1870లో పద్యాలు అచ్చయ్యాయి.

తవ్వకం దగ్గరుండి జరిపించిన పెద్దమనిషి ఛార్లెస్ హోవెల్. ఆయన తిరిగివచ్చి, ఆమె ముఖం చెక్కు చెదరలేదనీ, రాగి జుట్టు పెరిగి పెట్టెనిండా నిండిపోయిందనీ చెప్పాడు. మాటలకు రెక్కలు తొడగడంలో ఆయన దిట్ట అని ఆయనను ఎరిగినవారే అన్నారు. చనిపోయాక జుట్టు పెరగదన్నది వైద్యులు ఎప్పుడో తేల్చిన విషయం. చర్మం ఎండి ముడుచుకుపోవడం వల్ల జుట్టు, గోళ్లు పెరిగినట్టు కనబడతాయి, అంతే. భర్త మనసు కుదుటపడేందుకు చెప్పాడో, సహజంగా వచ్చిన అలవాటో గానీ, ఆ ఒక్క మాట నేటికీ చావలేదు. హైగేట్‌లో కుళ్లని శవం ఉందన్న కథకు బీజం అక్కడే పడింది. 1897లో బ్రామ్ స్టోకర్ రాసిన 'డ్రాక్యులా' నవలలో సమాధిలోంచి లేచివచ్చే అందగత్తెకు ఈ ఉదంతమే ఆధారమని చెప్పేవారూ ఉన్నారు.

అన్నట్టు ఆ రక్తం తాగే పిశాచాన్ని ఇంగ్లీషులో వాంపైర్ అంటారు. మన విక్రమార్కుడి భుజం మీద చెట్టు నుంచి శ్మశానానికి సవారీ చేసే బేతాళుడిని ఇంగ్లీషులోకి దింపిన రిచర్డ్ బర్టన్ దొర, 1870లో వేసిన ఆ పుస్తకానికి 'విక్రముడు, వాంపైర్' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. పాపం బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడే తప్ప ఎవరి రక్తమూ తాగడు.

కోడి దయ్యం

హైగేట్ పేటకు శ్మశానం రాకముందు నుంచే దయ్యాలున్నాయి. అందులో ఒకటి కోడి! తత్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ ఒకనాడు బండి మీద ఇటు పోతూ, మంచులో పెడితే మాంసం కుళ్లకుండా ఉంటుందా అని అనుమానం వచ్చి, కోడిని కొని కోయించి కడుపులో మంచు కూరాడట. ఆ చలికి జబ్బుపడి హైగేట్‌లోనే ఒక ప్రభువు ఇంట 1626 ఏప్రిల్ 9న కన్నుమూశాడు. ఆయన మరణం మాట నిజం, కోడి సంగతి చెప్పగా విన్నది. నాటినుంచి సగం ఈకలు పీకిన కోడి ఒకటి పాండ్ స్క్వేర్ అనే చోట గుండ్రంగా పరుగులు తీస్తూ, పట్టుకోబోతే గోడలోంచి మాయమవుతుందని అక్కడివారు చెప్పుకుంటారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో చూశామన్నవారు కూడా ఉన్నారు. ప్రయోగం చేసిన బేకన్ దయ్యం కాలేదు, ప్రయోగానికి బలైన కోడి అయింది. న్యాయంగానే ఉంది.

పాడుబడిన తోట

శ్మశానం కంపెనీకి ఒక చిక్కు ఉంది. స్థలం ఒక్కసారే అమ్ముడవుతుంది. గడ్డి మాత్రం ఏటా కొట్టించాలి. అమ్మడానికి స్థలం ఉన్నంతకాలం వైభవంగా నడిచింది. మొదటి ప్రపంచ యుద్ధానికి తోటమాలులు వెళ్లిపోయారు. ఆ తరువాత జనం పెద్ద పెద్ద సమాధులు కట్టించడం మానుకున్నారు. దహనం చేయించేవారు పెరిగారు. 1960లో పాత కంపెనీ దివాళా తీసి వేరొక కంపెనీలో కలిసింది. దానికీ గిట్టుబాటు కాలేదు.

ముళ్లకంపలు, ఐవీ తీగలు సమాధులను కప్పేశాయి. ఎవరూ నాటని చెట్లు రాళ్ల సందుల్లోంచి మొలిచి, దిమ్మెలను పగలగొట్టి, దేవదూతల విగ్రహాలను పక్కకు తోసేశాయి. సమాధి గదుల తలుపులు తుప్పుపట్టి ఊడిపోయాయి. గుంటనక్కలు కాపురం పెట్టాయి. దయ్యాల సినిమాలు తీసేవారికి ఇంతకన్నా ఏం కావాలి? 1970లో విడుదలైన ఒక డ్రాక్యులా సినిమా షూటింగు ఇక్కడ జరిగింది.

మన దగ్గరా ఇదే తీరు కాదా! శ్మశానం చుట్టూ సర్కారు తుమ్మ పెరిగి, దారి మూసుకుపోయి, పాడెను మోసేవారు ముళ్లు తొక్కుకుంటూ పోవలసి వచ్చే ఊళ్లు ఎన్ని లేవు! అటువంటి చోటే రాత్రి ఏదో కనబడిందన్న మాట పుడుతుంది. ఆ మాట పుట్టాక అటు పోయేవారు తగ్గుతారు. పోయేవారు తగ్గాక గట్టు జరుగుతుంది, పక్క చేను ఒక సాలు పెరుగుతుంది. దయ్యం వల్ల నిజంగా లాభపడేవారు ఎవరో ఊళ్లో వారికి తెలియనిది కాదు.

ఆ రాత్రి జరిగింది

1970 ఫిబ్రవరిలో హైగేట్ ప్రాంతపు వారపత్రికలో ఒక పాఠకుడి ఉత్తరం అచ్చయింది. శ్మశానం గేటు దగ్గర రాత్రివేళ బూడిద రంగు ఆకారాన్ని చూశాననీ, మరెవరికైనా కనిపించిందా అనీ ఆయన అడిగాడు. అడగడమే తరువాయి, వారం వారం ఉత్తరాలు వచ్చిపడ్డాయి. ఒకరు పొడవాటి టోపీ మనిషిని చూశారు. ఒకరు తెల్లబట్టల ఆడమనిషిని చూశారు. గేటు ఊచల మధ్య నుంచి గుర్రుగా చూసే ముఖం ఒకరికి, చెరువులోకి నడిచిపోయే ఆకారం ఇంకొకరికి కనిపించాయి. పాడుబడ్డ మందిరంలో గంటలు మోగాయని ఒకరు, పేరు పెట్టి పిలిచిందని మరొకరు. సైకిలు తొక్కే దయ్యం కూడా ఒకటి తేలింది. ఇద్దరు చెప్పింది ఒకేలా లేకపోవడం గమనార్హం. ఊరంతా చూసింది గానీ ఎవరి దయ్యం వారిదే!

ఇంతలో ఒకాయన బయలుదేరి ఇది మామూలు దయ్యం కాదు, రక్తపిశాచం అన్నాడు. తూర్పు ఐరోపాకు చెందిన మధ్యయుగపు ప్రభువు ఒకడిని శవపేటికలో పెట్టి 18వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండుకు తెచ్చారనీ, శ్మశానం పుట్టకముందే అతడు అక్కడ చేరాడనీ, ఇప్పుడు ఎవరో క్షుద్ర పూజలు చేసి నిద్ర లేపారనీ ఆయన చెప్పిన కథ. విరుగుడు కూడా చెప్పాడు. గుండెలో కర్ర మేకు దించి, తల నరికి, కాల్చివేయాలట. మన భూతవైద్యులు వేపమండలతో, విభూతితో సరిపెడతారు. ఆ లెక్కన మనవారే నయం. ఆ పరిసరాల్లో చచ్చిపడిన నక్కలను కూడా పిశాచం ఖాతాలోనే వేశారు.

దయ్యం సంగతి నాకు తెలుసంటే నాకు తెలుసని ఇద్దరు పోటీపడ్డారు. 13వ తేదీ, అందునా శుక్రవారం వస్తే ఇంగ్లీషువారికి అపశకునం. మార్చి 13 శుక్రవారం సాయంత్రం టీవీలో ఈ పిశాచం గురించి కార్యక్రమం వచ్చింది. అందులో ఆ ఇద్దరితోపాటు దయ్యాన్ని చూశామన్న మరికొందరు కూడా మాట్లాడారు. రెండు గంటలు తిరగక ముందే లండన్ నలుమూలల నుంచి జనం స్వేన్స్ లేన్‌కు చేరారు. పోలీసులు అడ్డుకోబోతే ఆగలేదు. మూసిన గేట్లెక్కి, గోడలు దూకి లోపలికి దిగారు. అంతటా వెతికారు. పిశాచం దొరకలేదు.

దొరకకపోతే పోయింది, అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఆ వేసవిలో, ఆగస్టులో, సమాధి గదిలోంచి లాగి తల తీసేసి కాల్చిన ఒక స్త్రీ శవం బయటపడింది. ఎప్పుడో వంద ఏళ్ల నాడు అయినవారు ఏడ్చి సాగనంపిన ఇల్లాలు ఆమె. ముందు చెప్పిన విరుగుడును ఎవరో ఆచరించారని వేరే చెప్పాలా! తలుపులు పగిలాయి, పెట్టెలు తెరుచుకున్నాయి. సమాధులను పాడుచేసి, అస్థికలను కదిపిన కేసులో 1974లో ఒక వ్యక్తికి జైలు శిక్ష పడింది. ఆ పని చేసింది తాను కాదనీ, క్షుద్రపూజలవారనీ అతడి వాదన.

అదే 1970లో మార్క్స్ సమాధిని కూడా వదలలేదు. విగ్రహం ముఖాన్ని రంపంతో కోయబోయి, బాంబు పేల్చారు. విగ్రహం గట్టిది కనుక నిలిచింది. ఆయన రాజకీయం నచ్చని మనుషుల పని అది. 2019 ఫిబ్రవరిలో మళ్లీ ఒకసారి సుత్తితో చలువరాతి ఫలకాన్ని పగలగొట్టి, మరోసారి ఎర్ర రంగు పూసిపోయారు. దయ్యాలు ఆ సమాధి జోలికి వచ్చినట్టు ఒక్క కథ కూడా లేదు.

1875లో కాదు, నిన్నమొన్నటి 1975లో, నిర్వహణ తమ వల్ల కాదని కంపెనీ పశ్చిమ భాగం గేట్లకు తాళం వేసింది. అదే ఏడాది చుట్టుపక్కల పేటవాసులు 'హైగేట్ శ్మశాన మిత్రులు' పేరిట సంఘంగా ఏర్పడ్డారు. జీతం భత్యం లేకుండా సెలవు రోజుల్లో వచ్చి కంపలు కొట్టారు, బాటలు తీశారు, పడిపోయిన రాళ్లను నిలబెట్టారు, పగిలిన తలుపులకు తాళాలు బిగించారు. 1981లో శ్మశానం భూమి ఆ సంఘం చేతికే వచ్చింది. చెట్లన్నీ నరికి చదును చేయలేదు. రాయికి హాని చేసేవి తీసి, మిగిలిన పచ్చదనాన్ని ఉంచేశారు. మనుషుల సందడి పెరిగేకొద్దీ ఉత్తరాలు ఆగిపోయాయి. సైకిలు తొక్కే దయ్యం ఎటు పోయిందో మరి!

ఇప్పుడు చూడబోతే

నేడు పగటిపూట టికెట్టు కొని ఎవరైనా లోపలికి పోవచ్చు. సాయంత్రం గేట్లు మూస్తారు. పిశాచం గురించి అడిగితే అక్కడి గైడ్లకు చిరాకు. ఇక్కడ నేటికీ కొత్తగా ఖననాలు జరుగుతున్నాయి, దుఃఖంలో ఉన్న కుటుంబాలు వస్తుంటాయి కనుక వారి చిరాకులో న్యాయముంది.

తూర్పు భాగంలో మార్క్స్ సమాధి దగ్గర ఎప్పుడూ నలుగురు కనిపిస్తారు. 1883 మార్చి 14న ఆయన పోతే, 17న జరిగిన ఖననానికి వచ్చింది పట్టుమని పది పన్నెండు మంది. ఎంగెల్స్ మాట్లాడాడు. అప్పటి సమాధి మూలన, చిన్న పలకతో ఉండేది. 1954లో అస్థికలను ఇప్పుడున్న చోటికి మార్చి, 1956లో పెద్ద తలకాయ విగ్రహం నిలిపారు.

పశ్చిమ భాగంలో ఎక్కువ మంది ముచ్చటపడేది ఒక కుక్కను చూసి. టామ్ సేయర్స్ అనే ముష్టి యోధుడు చేతులకు తొడుగులు లేకుండా పోట్లాడి పేరు తెచ్చుకున్నవాడు. 1865లో ఆయన శవయాత్రకు జనం వేలల్లో కదిలారు. ఆ ఊరేగింపులో అందరికన్నా ముందు బండిలో కూర్చుని పోయింది ఆయన కుక్క, పేరు లయన్. సమాధి ముందు ముంగాళ్లు చాచి పడుకున్న దాని రాతి బొమ్మ ఉంది. ఇంకో చోట జంతు ప్రదర్శనశాల నడిపిన జార్జ్ వూంబ్‌వెల్ సమాధి మీద నీరో అనే సింహం నిద్రపోతూ కనిపిస్తుంది.

అదే భాగంలో పెద్దగా ఎవరూ ఆగి చూడని ఒక సాదా రాయి ఉంది. మైకేల్ ఫారడేది. కమ్మరి కొడుకు. పుస్తకాలు కుట్టే దుకాణంలో పనికి కుదిరి, కుట్టవలసిన పుస్తకాలను చదువుకుని శాస్త్రవేత్త అయ్యాడు. అయస్కాంతాన్ని తీగచుట్టలో కదిపితే కరెంటు పుడుతుందని 1831లో కనిపెట్టింది ఆయనే. శ్రీశైలం డ్యాములో తిరిగే టర్బైను నుంచి పొలం మోటారు దాకా ఆ సూత్రం మీదే నడుస్తాయి. 1867 ఆగస్టు 25న మరణించాడు. ఆయన మతశాఖ వేరు కావడంతో బిషప్ ప్రతిష్ఠ చేయని పక్కన, ఆర్భాటం లేకుండా పాతిపెట్టారు. కరెంటు వచ్చాక ఊళ్లో దయ్యాలు పోయాయని మన ముసలివారు అంటుంటారు. వాటిని తరిమిన మనిషి, ఇంగ్లండులో అన్నిటికన్నా పేరుమోసిన దయ్యాల శ్మశానంలో పడుకుని ఉన్నాడు.

దేవదారు వృక్షం ఇప్పుడు లేదు. తెగులు సోకి లోపల డొల్లబారడంతో 2019లో కొట్టివేసి, అదే చోట కొత్త దేవదారు మొక్క నాటారు. శ్మశానంలో స్థలం కూడా నిండుకుంటోంది. ఇప్పటికి సుమారు 53 వేల సమాధుల్లో 1 లక్షా 70 వేల మందిని పాతిపెట్టారు. పాత సమాధులను మళ్లీ వాడుకునేందుకు 2022లో పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. 75 ఏళ్లు దాటినవే తీసుకోవాలి, ముందుగా నోటీసు ఇవ్వాలి, వారసులు వద్దంటే ఆ సమాధిని ముట్టరాదు.

లండన్ వెళ్లే తెలుగువారు చూడదగిన సమాధి మరొకటి ఆ ఏడు శ్మశానాల్లోనే ఉంది. అది హైగేట్‌లో కాదు, నగరానికి పడమరన ఉన్న కెన్సల్ గ్రీన్‌లో. వేమన పద్యాల తాళపత్రాలను వెతికి వెతికి పోగుచేయించి, అచ్చువేయించి, తెలుగుకు నిఘంటువు కూర్చిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొర 1884 డిసెంబరు 12న లండన్‌లో కన్నుమూస్తే అక్కడ పాతిపెట్టారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ దొర సమాధి లండన్‌కు దక్షిణాన డార్కింగ్ అనే ఊరి శ్మశానంలో ఉంది. ఆయన 1899 జులై 24న మరణించాడు. గోదావరి జిల్లాల నుంచి ఇంగ్లండు వెళ్లినవారు కొందరు దారి అడిగి మరీ అక్కడికి పోయి, పూలు ఉంచి వస్తుంటారు.